ఏథెన్సు గుడికి తూర్పు ముఖం

పై చదువుకు ఐరోపా వెళ్తూ దారిలో ఏథెన్సు చూడాలని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం చరిత్ర కాదు, ఒక గుమస్తా నవ్విన నవ్వు. 1966 సెప్టెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కాను. పదకొండో రోజు ఉదయం ఎనిమిదింటికి గ్రీసు దేశపు రేవు పిరయస్‌లో ఆగుతామనీ, సాయంత్రం నాలుగున్నరకు కదులుతామనీ డెక్కు మీద నోటీసు అంటించారు. రాజధాని చూపించే బస్సుకు మూడు పౌన్లు. అంత విదేశీ డబ్బు నాలాంటి విద్యార్థుల దగ్గర ఉండదు. రైల్లో వెళ్తానంటే, టూర్ల సంగతి చూసే గుమస్తా నవ్వి, "ఒంటరి ఆడపిల్లలు అలా తిరగరు" అన్నాడు. తోడు తెచ్చుకుంటానన్నాను. ఎవరిని అని అడగ్గానే అప్పన్న మావ పేరు చెప్పాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వాడు. "వంటవాడితో ఏథెన్సు చూస్తారా?"

అప్పన్న మావ నాకు చుట్టం కాదు. మాది నౌపడ, ఆయనది కళింగపట్నం పక్కన చేపలు పట్టే పల్లె. మొదటి రోజు భోజనాల దగ్గర పప్పులో ఉప్పు లేదని నాలో నేను సణుక్కుంటుంటే, వంటశాల తలుపు వెనక నుంచి ఒక తల బయటికొచ్చి, "ఎవులే అది? మన గుంటలాగున్నాది!" అంది. అప్పటినుంచి ఆయన మావ, నేను గుంట, అంటే మావైపు మాటలో పిల్ల. ఓడ వంటశాలలో ఆయన పదేళ్ళుగా పని చేస్తున్నాడు. కంట్లో పొర పెరుగుతోందని, ఇదే ఆఖరి ప్రయాణమని బొంబాయి డాక్టరు రాసిచ్చేశాడు. ఏథెన్సుకు రమ్మంటే ఆయన ఉల్లిపాయలు తరుగుతూనే సంగతి చెప్పాడు.

"ఒసే గుంటా, ఈ రేవుకి వచ్చినప్పుడల్లా ఆ కొండమీద గుడి తెల్లగా అగుపిస్తాది. ఒక్క పాలీ ఎక్కనేదు. మనకెందుకులే అనుకున్నాను. గానీ ఇంటికాడ మీ అత్తకి ఎక్కినానని సెప్పేసినాను. మొక్కి వచ్చినానని కూడా సెప్పినాను."

"అబద్ధమా మావా?"

"మరేటి? ఇప్పుడెక్కకపోతే సచ్చేదాకా అబద్దమే."

పెద్ద వంటవాడు రెండు గంటల దాకా సెలవిచ్చాడు. తొమ్మిదిన్నరకు రేవు గేటు దాటాం. అక్కడినుంచి స్టేషను పావుగంట నడక. ఏథెన్సుకు కరెంటు రైలుంది, మనిషికి రెండు ద్రాక్మాలు, అంటే మన అర్ధరూపాయి. పాతిక నిమిషాల్లో మొనస్తిరాకి అనే స్టేషనులో దిగాం. ఊళ్ళోని ప్రతి సందు చివరా తల ఎత్తితే కొండా, దాని మీద గుడీ కనిపిస్తాయి కాబట్టి దారి అడగక్కర్లేదు. ఒక ముసలాయన నువ్వులద్దిన గుండ్రటి రొట్టెలు కర్రకు గుచ్చి అమ్ముతున్నాడు. మావ ఒకటి కొరికి, ఉప్పు చాలలేదన్నట్టు వేళ్ళు నలిపి చూపించాడు. ముసలాయన గ్రీకులో గట్టిగా ఏదో తిట్టి, మరో రొట్టె ఊరికే చేతిలో పెట్టాడు. "సూసినావా? వంటోడికి వంటోడు ఎక్కడైనా తెలుస్తాడు" అన్నాడు మావ. పాత ఇళ్ళ మధ్య మెట్లదారిన అరగంట ఎక్కాం.

చిక్కంతా కొండమీది గేటు దగ్గర వచ్చింది. టికెట్టు పది ద్రాక్మాలు కట్టాక, మావ పక్కకు వెళ్ళి కాన్వాసు బూట్లు విప్పి, గోడవార జతగా పెట్టాడు. అదే సమయానికి ఓడ బస్సు వచ్చింది. బస్సులోంచి దిగిన వాళ్ళలో ఇద్దరు నవ్వారు. గుమస్తా నా దగ్గరికొచ్చి, "అందరూ చూస్తున్నారు, తొడుక్కోమని చెప్పండి. ఇది ఒట్టి శిథిలం, లోపల ఏ దేవుడూ లేడు" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గేసింది. లోపల ఉండాల్సిన దేవత విగ్రహం ఇప్పుడు లేదని వెంట తెచ్చుకున్న గైడు పుస్తకంలో నేనూ చదివాను. ఆ మాట మావకు చెప్పాను.

"అమ్మోరు ఊరెల్లినాదనుకో. ఇల్లు ఇల్లు కాకుండా పోద్దేటి?" అన్నాడు. "నేను మొక్కినానని సెప్పినాను. జోళ్ళేసుకుని మొక్కినానని సెప్పనేదు."

నేను వంగి నా చెప్పులు కూడా విప్పాను. గేటు దగ్గరి ముసలి కాపలాదారు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, రెండు జతలూ తీసుకెళ్ళి తన కుర్చీ కింద పెట్టుకున్నాడు.

వందల ఏళ్ళ నడకకు అరిగి అక్కడి పాలరాయి నున్నగా జారుతుంది. తోలు బూట్ల వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నడుస్తుంటే, మా ఉత్త కాళ్ళు నిలకడగా పడ్డాయి. పెద్ద ద్వారం దాటగానే ఎదురుగా ఎనిమిది స్తంభాల గుడి, పార్థినాన్. మావైపు శ్రీముఖలింగం గుళ్ళో రాతిపని చూసి పెరిగినదాన్నే అయినా ఇలాంటి గుడి ఎన్నడూ చూడలేదు. నోటుబుక్కులో గబగబా బొమ్మ గీసి, కింద 'ముందు వైపు' అని రాసుకున్నాను. బస్సు జనమంతా అక్కడే వరసగా నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. మావ మాత్రం చేతులు జోడించలేదు.

"ఏటి మావా, మొక్కవా?"

"ఇది ఈపులాగున్నాదే. పొద్దెక్కడున్నాదో సూడు. మనం పడమటేపు నుంచి వచ్చినాం. అరసవల్లిలో పొద్దు ఏటేపు నుంచి వచ్చి సామి కాళ్ళమీద పడతాది?"

"తూర్పు నుంచి."

"మరి ఈ అమ్మోరు పొద్దుకి ఈపెట్టి కూకుంటాదేటి?"

గుడిని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణం మొదలుపెట్టాడు. మసకబారిన కళ్ళతో స్తంభాలను ఒక్కొక్కటే తడుముతూ నడిచాడు. నేను వెనకే నడుస్తూ పుస్తకం తిరగేస్తే, నేనింకా చదవని పేజీలో ఉంది: దేవత విగ్రహం తూర్పు వాకిలికి ఎదురుగా ఉండేదట. అటువైపు వెళ్ళేసరికి మనుషులు లేరు. గాలి, ఎండ, తెరిచిన వాకిలి. మావ నుదుటిదాకా చేతులెత్తి మొక్కాడు. తర్వాత అక్కడే రాతిమీద చతికిలబడ్డాడు.

"మావా, టైమైపోతోంది. రెండింటికి ఓడలో ఉండాలి."

"మొక్కినాక కూకోకుండా దిగుతారేటి? మీ అత్త అడుగుతాది, ఎంతసేపు కూకున్నావని. ఎల్తే నువ్వెల్లు."

నేను వెళ్ళలేదు. పక్కన కూర్చుని 'ముందు వైపు' కొట్టేసి 'వెనక వైపు' అని దిద్దుకున్నాను.

ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఓడ చేరాం. ఆ రాత్రి గిన్నెలన్నీ మావ ఒక్కడే తోమాలని పెద్ద వంటవాడు శిక్ష వేశాడు. "తోముతాను" అన్నాడు మావ, అంతే. నిచ్చెన మెట్ల దగ్గరున్న గుమస్తా, "ఇంతకీ వంటాయన ఏం చూశాడు?" అని నన్నడిగాడు. ప్రశ్న మావకు చెప్పాను.

"మీరు ఈపు సూసినారు బాబూ. మేం మొగం సూసినాం" అన్నాడు మావ.

దాన్ని ఇంగ్లీషులో ఒక్క మాట కూడా తగ్గించకుండా గుమస్తాకు చెప్పాను. ఆయన నవ్వలేదు.

పెద్ద ఊళ్ళను చూడాలంటే ముందు వాటికి తగినట్టు మారాలని నాకు చాలామంది చెప్పి పంపారు. నేనూ నమ్మి బయలుదేరాను. ఇప్పుడు నమ్మను. నా నోటుబుక్కు, బస్సు, మూడు పౌన్ల టికెట్టు అన్నీ ఆ గుడి వెనక వైపే ఆగిపోయాయి. మా ఊరివైపు అలవాటు ఒక్కటే మమ్మల్ని వాకిలి దాకా తీసుకెళ్ళింది. మావ ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడు. అత్త ఎంతసేపు కూర్చున్నావని అడిగే ఉంటుంది, ఆయన ఉన్నదే చెప్పి ఉంటాడు. మీలో ఎవరైనా ఏథెన్సు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: గేటు దాటగానే కనిపించేదాని దగ్గర ఆగిపోవద్దు, గుడిని కుడిచేతి వైపు ఉంచుకుని తూర్పు దాకా నడవండి.