మా దర్జీ మింగిన గుండుసూది

మా ఆయన దర్జీ. పెళ్లయిన నాటి నుంచీ ఆయన నోటి నిండా గుండుసూదులే చూస్తున్నాను. కొలతలు సరిచేసేటప్పుడూ, అంచులు మడిచేటప్పుడూ పెదాల మధ్య వరసగా మెరుస్తుంటాయి. ఇక మాటెక్కడిది? "ఊఁ" అంటే సరే, "ఉహుఁ" అంటే కాదు. ఈ రెండు ముక్కలతోనే సంసారం ఈడ్చుకొచ్చాడు మహానుభావుడు. నేనేమో వసపిట్టని. దుకాణంలో గుండీలు కుడుతూ పొద్దస్తమానం ఆయన్ని తిడుతూనే ఉంటాను.

ఆ రోజు ఓ చొక్కాకి కుడి చెయ్యి ఎడమకీ, ఎడమ చెయ్యి కుడికీ కుట్టాడు. నేను ఊరుకుంటానా? వాళ్ల అక్కయ్యతో మొదలుపెట్టి వంశాన్నంతా ఉతికి ఆరేశాను. ఆయనకి నవ్వాగలేదు. నోరు తెరిచి, ఠక్కున మూసి, గుటక వేశాడు. సూదులన్నీ తీసి చూస్తే ఒకటి తక్కువ.

మెత్తటి తిండి పెడితే సూది దాన్లో ఇరుక్కుని సాఫీగా పోతుందని ఎవరో ఎప్పుడో అన్నారు. అంతే, అరటిపళ్లు వొలిచి వొలిచి నోట్లో కుక్కాను. చాలు చాలన్నా వినలేదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే సూది ఇంకా పొట్టలోనే ఉంది. డాక్టరమ్మ ఫిల్మ్ చూసి, నన్ను చూసింది.

"ఇప్పుడే గొట్టం వేసి తీసేవాళ్లం. కడుపు నిండా అరటిపళ్లు పెట్టావు కదమ్మా. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అవి అరిగేదాకా ఆగాలి. ఈలోగా సూది పేగుల్లోకి జారితే గుచ్చుకోవచ్చు" అంది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. చేజేతులా మొగుణ్ణి చంపుకుంటున్నానని ఏడుపు లంకించుకున్నాను.

వరండాలో బల్ల మీద కూర్చున్నాం. నోట్లో సూదులు లేవు కదా, మా ఆయన అందుకున్నాడు. నా టీ కుడితిలా ఉంటుందట. మా తమ్ముడు ఒట్టి కోతలరాయుడట. ఏడుస్తూ విన్నాను.

"ఏంటే, తిట్టవేం?" అన్నాడు.

"నావల్లే కదండీ ఇదంతా. మీకేమన్నా అయితే?"

"సూది సంగతేమో గానీ, నువ్విలా ఊరుకుంటే నాకు భయమేస్తోంది. సూదులు గుచ్చడానికి దిండు లేకనా వాటిని నోట్లో పెట్టుకునేది? నోరు ఖాళీగా ఉంటే నీ మాటలకి అడ్డొస్తాను. నువ్వు తిడుతుంటే వినడం నాకు ఇష్టమే."

సాయంత్రానికి లోపలికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ గొట్టం వేసి, గుచ్చుకోకుండా మొన వెనకాలే వచ్చేలా పట్టుకుని సూదిని బయటికి లాగింది. ఇక నోట్లో సూదులు పెట్టుకుంటే ఊరుకోనంది. గొంతు నొప్పి తగ్గేదాకా మాట్లాడొద్దంది. ఆయన తలూపి, నా వైపు చూశాడు.

నేను కళ్లు తుడుచుకుని తిట్టడం మొదలుపెట్టాను. ఇంటికి చేరేదాకా ఆపలేదు.