మోపెడ్‌కు ముందు పరిగెత్తిన ఏడాది

మొన్న ఆడవాళ్ళ వార్డులో ఒక కూతురు తల్లి పిక్కలకు నూనె రాస్తోంది. కొబ్బరినూనెలో కర్పూరం బిళ్ళలు వేసి గోరువెచ్చగా కాచిన నూనె. గిద్దలూరులో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలో ఇలాంటివి వద్దని చెప్పాల్సిన మనిషిని నేనే. చెప్పలేదు. మందుల ట్రే పట్టుకుని ఆ మంచం పక్కనే కాసేపు నిలబడ్డాను. ఆ వాసన తగిలితే నాకు ముందు నా పిక్కలు గుర్తొస్తాయి, తర్వాత మార్కాపురం గుర్తొస్తుంది, ఆ తర్వాత ఖాజాబీ మేడం గుర్తొస్తారు. ఎప్పుడూ అదే వరస. మేడం పోయి ఏడాది దాటింది. ఆమె దగ్గర నేను పరుగు నేర్చుకున్నానని చెబితే, ఇప్పటి నా ఒళ్ళు చూసి ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా నాకేం కోపం లేదు.

ఆమె మా ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామ టీచరు. వాళ్ళ నాయన మార్కాపురంలోనే పలకల కార్ఖానాలో పనిచేసేవాడట. బొద్దుగా ఉండేవారు. చున్నీని ఒక భుజం మీంచి అడ్డంగా తెచ్చి నడుము దగ్గర ముడివేసి, మెళ్ళో విజిల్ వేసుకుని, ఒక పాత మోపెడ్ మీద తిరిగేవారు. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆమె పరిగెత్తగా మాలో ఒక్కరం కూడా చూడలేదు. అందుకే మొదట్లో మా ఇళ్ళల్లో నవ్వుకునేవాళ్ళు, ఈమె నేర్పించేదేందని.

జట్టును ఎంచుకునే పద్ధతి కూడా ఆమెది ఆమెదే. ఎవరైనా పోటీ పెట్టి ముందొచ్చినవాళ్ళను తీసుకుంటారు. మేడం తొమ్మిదో తరగతి పిల్లలందరినీ దోర్నాల రోడ్డు మీద చాలా దూరం పరిగెత్తించి, ఎవరు ముందొచ్చారో ఎవరు వెనకొచ్చారో చూడకుండానే ఇంటికి పంపేశారు. పొద్దున్నే మళ్ళీ రమ్మన్నారు. మర్నాటికి అందరికీ ఒళ్ళు హూనమైపోయింది. అరుగు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అయినా వచ్చినవాళ్ళం అయిదుగురం. మమ్మల్ని చూసి, "అయిపోయిందిపో. ఇదే నా టీము" అన్నారు. నేను వెళ్ళింది పరుగు మీద ప్రేమతో కాదు. ఇంట్లో ఉంటే బర్రెల దగ్గర పేడ ఎత్తాలి. ఆ సంగతి మేడంకు చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఆ రెండో రోజు రాని పిల్లల్లో అంకమ్మ ఒకతె. పుల్లలచెరువు అవతల అడవి అంచున ఏదో పల్లె వాళ్ళది. మార్కాపురంలో హాస్టల్లో ఉండి మాతో చదివేది. మొదటి రోజు మేమంతా రొప్పుకుంటూ తిరిగొచ్చేసరికి, ఆమె ఎప్పుడో వచ్చేసి, జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది. చేతులు గాల్లో ఈదుతున్నట్టు ఎటుబడితే అటు ఊపుతూ పరిగెత్తేది. చూడ్డానికి బాగుండేది కాదు. కానీ ఆమెను అందుకున్నవాళ్ళు లేరు. మేడం మోపెడ్ వేసుకుని హాస్టల్‌కే వెళ్ళి ఆమెను వెనక కూర్చోబెట్టుకుని తెచ్చారు.

"నిన్న పరిగెత్తినా కదా మేడం? మళ్లా ఎందుకు?" అంది అంకమ్మ దిగుతూనే. నిజంగానే అడిగింది పాపం. అవసరం లేకుండా పరిగెత్తడం ఆమెకు అర్థం కాలేదు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. "రెండో రోజు రావాలనే రూలు మాకేనా మేడం?" అన్నాను.

"మీకే" అన్నారు మేడం, కొంచెం కూడా తడుముకోకుండా. "దానికి గూడా రూలు పెడితే నష్టం నాకే గదా పద్మా."

అలా ఆరుగురమయ్యాం. రోజూ తెల్లవారగానే దోర్నాల రోడ్డు. అంకమ్మ ముందు ఎక్కడో చుక్కలా కనిపించేది. మేం అయిదుగురం గుంపుగా ఆమె వెనక. మేడం మోపెడ్ అందరికంటే వెనక. కోచ్ అంటే ముందు పరిగెత్తే పిల్ల పక్కన ఉండాలని నేననుకునేదాన్ని. ఆమె ఒక్కరోజు కూడా అంకమ్మ పక్కకు పోలేదు. ఆఖరి పిల్ల మడమల వెనకే బండి నడిపేవారు. ఆ ఆఖరి పిల్ల సాధారణంగా నేనే కాబట్టి, ఆ బండి పొగంతా నేనే పీల్చాను.

గుంపులో మాకు ఇంకో నియమం ఉండేది. పరిగెత్తుతూ మాట్లాడుకోవాలి. మాట తెగిందంటే ఊపిరికి మించి పోతున్నామని అర్థమట. మాకు ఆ వయసులో మాటలకేం కరువు? ఎవరింట్లో ఏం కూర, ఎవరి అక్కను చూడ్డానికి ఎవరొచ్చారు, లెక్కల సారు ఎవరిని కొట్టాడు, అన్నీ ఆ రోడ్డు మీదే నడిచేవి. శ్రీశైలం పోయే బస్సుల్లోంచి యాత్రికులు తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. ఎత్తు ఎక్కేటప్పుడు మేం నోరు మూసుకుంటే వెనకనుంచి కేక వచ్చేది. "ఏందిరా, మాటలు వినపడలే! యాడికి పోయినాయి మీ ముచ్చట్లు?" వెనక్కి వచ్చాక స్టీలు క్యాన్లో తెచ్చిన కర్పూరం నూనె ఇచ్చి, ఒకరి పిక్కలకు ఒకరిని రాయమనేవారు. ఆమె దగ్గర నాకు తెలిసిన శిక్షణ అంతా ఇంతే.

సంక్రాంతి ముందు ఒకరోజు అంకమ్మ వాళ్ళ నాయన బడికి వచ్చాడు. మేం మైదానంలోనే ఉన్నాం. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, మేడంకు దూరంగా నిలబడి మాట్లాడాడు.

"పిల్లను తీసకపోదామని వచ్చినా మేడం. ఈ ఏడు మిరప కోతలకు ముగ్గురం పోవాల. గుంటూరు దిక్కు పోతే మూడు నాలుగు నెల్లు అక్కడనే."

"మూడు నెలలు పోతే పరీక్షలు?"

"ఏం జేయాల మేడం. చదివించగూడదని గాదు. మా చేన్లో ఈ ఏడు ఏం లే. బోరు గూడా ఎండిపాయె."

కోతలకు వెళ్ళిన పిల్లలు మళ్ళీ బడికి రావడం మా వైపు తక్కువ. అది ఆయనకూ తెలుసు, మేడంకూ తెలుసు. మేడం ఆయన్ను కసరలేదు. జోనల్ పోటీలు దగ్గర్లో ఉన్నాయని, విడిగా మొదట వచ్చిన ముగ్గురినీ, గెలిచిన జట్టు మొత్తాన్నీ శిబిరానికి పిలుస్తారని, అక్కడ నచ్చినవాళ్ళకు ఆటల హాస్టల్లో సీటు ఇచ్చి వాళ్ళే చదివిస్తారని చెప్పారు. "సీటొస్తే వదుల్తావా అన్నా?" అని అడిగారు.

"వస్తే నేనెందుకు అడ్డం పడతా? రాకుంటే మాత్రం నాతో పంపాల మేడం" అన్నాడాయన. అది ఒప్పందం.

దూరప్పరుగులో జట్టు గెలుపు లెక్క వేరుగా ఉంటుంది. ఆరుగురు పరిగెత్తితే, వాళ్ళల్లో ముందు చేరిన నలుగురి స్థానాలు కూడతారు. ఎవరి కూడిక తక్కువైతే వాళ్ళది గెలుపు. ఒక పిల్ల అందరికంటే ముందొచ్చినా, నాలుగో పిల్ల ఎక్కడో వెనక పడితే ఆ ముందొచ్చిన పిల్ల కష్టం కొట్టుకుపోతుంది. ఆ మాట మేడం మాకు వందసార్లు చెప్పి ఉంటారు. మేం పెద్దగా పట్టించుకోలేదు. అంకమ్మ ఉంది కదా, ఆమె మొదట వస్తుంది, సీటు ఆమె తెచ్చుకుంటుంది, మాకెందుకు ఈ కూడికలు అనుకున్నాం.

పోటీలు డెల్టా వైపు ఒక ఊళ్ళో జరిగాయి. మేడం అన్నీ ఆలోచించారు. బస్సులో ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పారు. కాలవ గట్టు మీద తడి మట్టిలో అడుగు ఎలా వేయాలో చెప్పారు. ఒక్కటి చెప్పలేదు. మేం దిగిన బడి ఆవరణలో వరసగా కుళాయిలు ఉన్నాయి. తిప్పితే చాలు, ధారగా తియ్యటి నీళ్ళు. మా వైపు నీళ్ళు ఎలా ఉంటాయో తాగినవాళ్ళకు తెలుసు. పళ్ళకు గార పట్టించే బోరు నీళ్ళు, అవీ బిందెల లెక్కన. అంకమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు దోసిళ్ళతో తాగడం మొదలుపెట్టింది. లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ తాగింది. అవతలి ఊరి కోచ్ ఒకాయన చూసి, "ఏమండీ, మీ అమ్మాయి పరుగు ముందు అన్ని నీళ్ళు తాగుతోంది" అని మేడంతో అన్నాడు.

మేడం అటు చూశారు. "తాగనీలే సార్. పాపం, మా పిల్లలకు ఇట్లాంటి నీళ్ళు యాడ దొరుకుతాయి" అన్నారు.

ఆయన అన్నది ఒకటి, ఈమె విన్నది ఇంకొకటి. వేరే ఊరి టీచరైతే పరిగెత్తుకుంటూ వెళ్ళి కుళాయి కట్టేసేది. మా మేడం మనసులోకి ఆ ఆలోచనే రాలేదు. నిజం చెప్పాలంటే, అక్కడున్న మాకెవరికీ నీళ్ళు ఎక్కువ తాగడం అనేది ఒక తప్పుగా తట్టనేలేదు.

ఈల వేశారు. అంకమ్మ ఎప్పటిలాగే ఎగిరిపోయింది. మేం గుంపుగా మా నడకలో మేం పోతున్నాం. మొదట్లో అందరూ మమ్మల్ని దాటిపోయారు. సిగ్గేసింది. గుంపులో ముందున్న పిల్ల, "ఏం కూర?" అంది. "వంకాయ" అన్నాను. మాట వస్తోంది కాబట్టి ఫరవాలేదనుకున్నాం. సగం దూరం తర్వాత, మమ్మల్ని దాటినవాళ్ళు ఒక్కొక్కరే మాకు వెనకబడటం మొదలైంది. కాలవ గట్టు మలుపు తిరిగేసరికి అంకమ్మ కనిపించింది. డొక్క పట్టుకుని వంగిపోయి, కక్కుతూ ఉంది.

ఆగబోయాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. "నన్నేంది చూస్తావు? పో! పో పద్మా!" అని అరిచింది. బెదిరిపోయాను. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల అది.

అక్కణ్ణుంచి మాలో ఒక్కరం కూడా మాట్లాడలేదు. వెనక మోపెడ్ లేదు, కేకలు లేవు. మాలో ఒక పిల్ల వెనకబడింది, మిగిలింది నలుగురం. ఆ నలుగురిలో ఆఖరిదాన్ని నేను. అంటే లెక్కలోకి వచ్చే నాలుగో మనిషిని నేనే. అది తెలిశాక నాకు భయం వేసింది. నా ముందున్న పసుపు చొక్కా పిల్లను దాటాను, ఇంకో పిల్లను దాటాను, గీత దాటి పడిపోయాను. మాలో ఎవరికీ విడిగా పతకం రాలేదు. ముగ్గురిలో కాదు కదా, ఆ తర్వాతి ముగ్గురిలో కూడా మేం లేం. కానీ మేం నలుగురం ఒకరి వెనక ఒకరం చేరాం. కూడికలు తేల్చి, మా బడి జట్టు గెలిచిందని మైకులో చెప్పారు. అంకమ్మ చాలాసేపటికి నడుచుకుంటూ వచ్చింది. మేడం గీత దగ్గరే నిలబడి ఉన్నారు. అంకమ్మ మొహం తుడిచి, "తప్పు నాది బేటీ" అన్నారు.

శిబిరానికి ఆరుగురం వెళ్ళాం. నాకు ఆశ పుట్టింది. గెలిపించినవాళ్ళం మేం కదా అనుకున్నాను. కొన్ని రోజులు చూసి, అంకమ్మను ఉంచుకుని మా అయిదుగురినీ తిప్పి పంపారు. మార్కాపురం బస్టాండులో దిగాక ఆపుకోలేకపోయాను. "గెలిపించింది మేము, సీటు దానికా మేడం?" అని ఏడ్చాను.

మేడం నా సంచి తీసుకుని తన భుజానికి వేసుకున్నారు. "అవును" అన్నారు. "దానికే. ఒక్క పిల్ల మీద పెట్టుకుంటే కాల్లో ముల్లు దిగినా అయిపాయె. అందుకనే మిమ్మల్ని తయారు చేసినా. దానికి పరుగు పుట్టుకతో వచ్చింది. నీకు రాలే పద్మా. నీకు నేను నేర్పినా. నేర్చుకున్నదానివి గాబట్టే ఆ రోజు నిన్ను నమ్మినా."

ఆ మాట నన్ను చాలా ఏళ్ళు బాధపెట్టింది. పెద్దవాళ్ళు పిల్లలకు అబద్ధాలు చెప్పి బుజ్జగిస్తారు. ఆమె బుజ్జగించలేదు. నర్సింగు చదివేటప్పుడు కూడా తలుచుకుని కోపం తెచ్చుకునేదాన్ని.

ఆమె రిటైరయ్యాక ఒకసారి ఇంటికి వెళ్ళాను. టీ తాగుతూ, ఆ జట్టును గెలిపించింది మీ శిక్షణే కదా మేడం, అంకమ్మ పాయింటు ఒక్కటి కూడా కలవలేదు కదా అన్నాను. మెచ్చుకుంటారని ఆశపడ్డాననుకోండి.

నవ్వారు. "ఆ తర్వాత ఇంకో టీమును గూడా తయారుచేసినా. అదే రోడ్డు, అదే నూనె, అదే ముచ్చట్లు. ఆఖరున వచ్చినారు" అన్నారు. "అంకమ్మ ముందర లేదు గదా. ఏడాదంతా దాన్ని అందుకుందామని ఉరికి ఉరికి మీకు స్పీడొచ్చింది. నా బండిని చూసి అనుకున్నావా?"

మరి బండి ఎందుకు మేడం అన్నాను. "మీరు ఇంటికి పోకుండా" అన్నారు.

అంకమ్మ పెద్ద ఛాంపియనేమీ కాలేదు. ఆటల హాస్టల్లో చేతులు ఊపడం సరిదిద్దారు, మోకాలు ఒకటి చెడింది. కానీ డిగ్రీ దాకా చదివింది. ఇప్పుడు దోర్నాల దగ్గర ఫారెస్టులో ఉద్యోగం చేస్తోంది. నన్ను కలిసినప్పుడల్లా ఆ కక్కిన సంగతి చెప్పి తనే ముందు నవ్వుతుంది. నేను ఆస్పత్రిలో తెలివైన నర్సునని ఎవరూ అనరు. రాత్రి డ్యూటీకి ఎవరైనా రాకపోతే మాత్రం ముందు నాకే ఫోన్ చేస్తారు. అలా చేసినప్పుడు నాకు లోపల సంతోషంగానే ఉంటుంది.

నువ్వు పరుగులో ఏం గెలిచావమ్మా అని మా పిల్లలు అడుగుతారు. కప్పు బడికి ఇచ్చేశారు, నా చేతికేమీ రాలేదు. అందుకే వాళ్ళకు నేను గెలిచింది ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ ఏడు మిరప కోతలకు అంకమ్మ వాళ్ళింటినుంచి అమ్మానాయనలు ఇద్దరే వెళ్ళారు.