ఎడమచేతి రాత

నా చిన్నప్పుడు రాయమంటే కడుపునొప్పి వచ్చేది. నిజమైన నొప్పే, నటన కాదు. బడిలో ఏటా జరిగే వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి నాకే రావాలని మా నాయన ఆశ. సాయంత్రం కొట్టు మూసి రాగానే నా చేత ఒక వ్యాసం రాయించేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. చెవి మీది ఎర్ర పెన్సిలు తీసేవాడు, అంతే. చూస్తుండగానే కాగితం నిండా ఎర్ర గీతలు పడేవి.

ఒక ఏడాది పోటీ దగ్గర పడుతుండగా మామిడితోట గోడ దూకబోయి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. విరిగిన ఎముకలు కట్టడంలో పేరున్న పుత్తూరు తీసుకుపోయి పసరు కట్టు కట్టించి, వెదురుబద్దలతో బిగించారు. మళ్లీ మళ్లీ కట్టు మార్చాలి కాబట్టి ఆ ఊళ్లోనే ఉన్న మా మేనత్త ఇంట్లో నన్ను వదిలి వెళ్లాడు నాయన. అందరూ అయ్యో పాపం ఆడపిల్ల అంటుంటే నాకు మాత్రం లోలోపల పండగే. చెయ్యి విరిగితే విరిగింది, వ్యాసం తప్పింది.

మా అత్తకు కబుర్లంటే ప్రాణం. ఒకరోజు నేను మామతో వెళ్లి కట్టు మార్పించుకుని వచ్చేసరికి వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. నా ముందు ఒక పలక పెట్టింది.

"ఆడ ఏమేం సూసినావో రాయి మే. కాయలు ఒలిసినాక సదువుతా."

"కుడిచెయ్యి కట్టేసినారు గదత్తా."

"ఎడమచెయ్యి ఖాళీగానే ఉండాది గదా."

ఎడమచేత్తో పలక ముట్టుకుంటే సరస్వతికి కోపం వస్తుందని మా ఇంట్లో నేర్పారు. ఆ మాటే చెప్పాను. "ఆయమ్మ వీణ మెట్ల మీద ఏ చెయ్యి పెట్టిందో పటంలో సూడు పో" అంది అత్త. వెళ్లి చూశాను. ఎడమచెయ్యే.

ఇక రాశాను. అక్షరాలు తాగినవాడిలా తూలాయి. కొబ్బరిచెట్టు మీంచి పడిన ఒకాయన, కాలు నొప్పి ఓర్చుకోగలను గానీ పెళ్లాం తిట్లు ఓర్చుకోలేనని సగం తమిళంలో సగం తెలుగులో మొత్తుకోవడం రాశాను. అత్త చదివి పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక్క తప్పు కూడా చూపలేదు. "ఆనెంక ఏమైంది?" అని అడిగింది. నేను రాసింది చదివి ఒక మనిషి నవ్వడం అదే మొదటిసారి. గబగబా పలక తుడిచి మిగతాది రాశాను.

అప్పటినుంచి అత్త కోసం రోజూ రాసేదాన్ని. బాగా రాయాలన్న బెంగ లేదు, ఎడమచేతి నుంచి ఎవరేం ఆశిస్తారు? కడుపునొప్పి సంగతే మరిచిపోయాను.

నన్ను తీసుకెళ్లడానికి నాయన వచ్చిన రోజున పలక నా ఒళ్లోనే ఉంది. కొబ్బరిచెట్టాయన పెళ్లాన్ని వెంటబెట్టుకుని కట్టు విప్పించుకోవడానికి వచ్చిన సంగతి రాస్తున్నాను. నాయన పలక తీసుకుని చదవసాగాడు. అలవాటుగా చెయ్యి చెవి మీదికి పోయింది. నా కడుపులో మళ్లీ మొదలైంది. వంటింట్లోంచి వచ్చిన అత్త తడిచేతులతోనే ఆ పలక లాక్కుంది.

"అన్నా, కుడిచెయ్యి నీది. దాంతో ఏం రాయించుకుంటావో రాయించుకో. ఎడమచెయ్యి మటుకు నాకు ఇడిసిపెట్టు."

తడికి సగం అక్షరాలు చెరిగిపోయాయి. నాయన పెన్సిలు తియ్యకుండానే చెయ్యి దించాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంతకీ ఆయన పెళ్లాం తిట్టడం మానిందా లేదా?" అని అడిగాడు.

ఎముక చక్కగా అతికింది. ఆ కుడిచేత్తోనే పరీక్షలు రాశాను, తిరుపతిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అత్త పోయి చాలా ఏళ్లయింది. నాకు చదువు చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, రాయడంలో సుఖం ఉందని చూపింది ఆమె ఒక్కతే. పొద్దున కాఫీ తాగేటప్పుడు ఆమెను తలుచుకోని రోజు లేదు. కాఫీ అయ్యాక పలక తీసి, ఎడమచేత్తో నాలుగు ముక్కలు రాసుకుని, చదువుకుని తుడిచేస్తాను. ఫోన్లో రాసి దాచుకోవచ్చు కదా అంటుంది మనవరాలు. నాకు ఇదే బాగుంది.

వయసు మీద పడి కుడిచేతి రాత వణుకుతోంది. ఎడమచేతిది మొదటినుంచీ వంకరే కదా, దానికి ముసలితనం వచ్చిన సంగతే తెలియలేదు.