గుత్తి దారిలో ఒక నెల పాస్

మా ప్రయాణానికి కారణం నా ఫోన్‌కు వచ్చిన ఒక మెసేజీ. మా వ్యానుకు గుత్తి దారిలోని ఒక టోల్ గేటు దగ్గర నెల పాస్ తీసుకున్నారని, నెల రోజులు అది చెల్లుతుందని అందులో ఉంది. ఆ వ్యాను మా ఇంట్లో లేదు. నా భర్త నాగభూషణ కిందటేడు వేసవిలో దాన్ని తీసుకునే ఇంట్లోంచి వెళ్లాడు.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు మగ్గాలు. నేసిన పట్టుచీరలను వ్యానులో వేసుకుని దుకాణాలకు ఇచ్చి రావడం ఆయన పని. ఆ రోజు హిందూపురం పోయొస్తానని చెప్పి, బండిలో నాలుగు చీరలు వేసుకుని బయలుదేరాడు. మధ్యాహ్నానికే ఫోన్ ఆగిపోయింది. హిందూపురంలో ఏ దుకాణానికీ ఆయన పోలేదని తెలిసింది. తెలిసినవాళ్లందరినీ అడిగాం. పోలీసు స్టేషన్‌లో రాసిచ్చాం. నెలలు గడిచాయి, ఏమీ తేలలేదు.

వ్యాను అద్దానికి అతికించిన ఫాస్టాగ్ నా ఫోన్ నంబరు మీద తీసుకున్నది. అందుకే ఈ ఉగాది తర్వాత ఆ మొదటి మెసేజీ నాకు వచ్చింది. దాన్ని పట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తాను. అక్కడున్న పెద్దాయన ఫోన్ చూసి నాకు తిరిగి ఇచ్చేశాడు.

"పాస్ తీసుకున్యాడంటే మనిషి బాగుండాడనే కదమ్మా. మనసు మారితే ఆయనే వస్తాడు. ఇంగ మేం వెతికేదేముంది?" అన్నాడు.

చుట్టాలూ అదే మాట అన్నారు. ఆ తర్వాత ఆయన కోసం వెతికినవాళ్లు లేరు.

తర్వాతి నెల మళ్లీ మెసేజీ వచ్చింది. ఆ పాస్ గేటుకు దగ్గర ఊళ్లలో ఉండేవాళ్లకే ఇస్తారని మా వీధిలో కారున్న ఒకాయన చెప్పాడు. అంటే ఆయన అక్కడెక్కడో ఇల్లు తీసుకున్నాడన్నమాట. ఒక్కడే ఉన్నాడా అన్న ప్రశ్న నన్ను తినేసింది. మా అత్తకు ఆ ప్రశ్న లేదు. "ఇంగో సంసారం పెట్టుకున్నా సరే. కండ్లతో ఒకసారి సూస్తే సాలు" అని నా ముందే అనేసింది. ఒంటరిగా ఉన్నప్పుడు నాకూ అలాగే అనిపించేది.

నెలాఖరు వస్తే చాలు, అత్త మగ్గం దగ్గరికి వచ్చి నిలబడేది. "వచ్చినాదా?" అని అడిగేది. వచ్చిందంటే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేది. అలా నాలుగు నెలలు. శ్రావణంలో, పాస్ గడువు ముగిసే రోజు చూసుకుని, మేమే పోవాలని నిశ్చయించుకున్నాం. పాస్ మళ్లీ తీసుకోవడానికి ఆయన ఆ రోజు గేటుకు రాక తప్పదు కదా.

పొద్దున ఆరుంబావుకు ధర్మవరం బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్ ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిస్తాడు. మా దగ్గర ఉన్నది ఒకటే సంచి. అందులో నీళ్ల సీసా, అత్త ముందు రోజు చేసిన కజ్జికాయల డబ్బా. "వానికి ఇష్టం" అంది, నేను అడగకుండానే.

బత్తలపల్లెలో బస్సు సగానికి పైగా నిండింది. తలపాగా చుట్టుకున్న ఒక రైతు మా ముందు సీట్లో కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే శెనక్కాయ చేలు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆకు ముడుచుకుపోయింది.

"ఈసారి ఎట్లుంది అన్నా?" అని అడిగాను.

"యాడుంది పైరు? కాయ పట్టే ఊడలు దిగల్లంటే నేలలో తడుండల్ల కదమ్మా. ఇంగ గొర్లకు విడిసిపెట్టడమే" అన్నాడు.

ఏడున్నర దాటాక అనంతపురం చేరాం. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, బజ్జి తిన్నాం. అత్త నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని ప్లేటు పక్కకు నెట్టింది. గుత్తి వైపు పోయే బస్సు ఎనిమిదింటికి దొరికింది. ఎవరైనా ఈ దారిలో వెళ్లాల్సివస్తే ఒక మాట: టోల్ గేటు దగ్గర బస్సు ఆగదు. ఎక్కేటప్పుడే కండక్టరుకు చెప్పుకోవాలి. అక్కడ చెట్టు నీడ అంటూ లేదు, తాగే నీళ్లు వెంట ఉండాలి.

పెన్న వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుక. అందులో ట్రాక్టరు చక్రాల జాడలు తప్ప ఇంకేమీ లేవు. అత్త చేతులు జోడించి నదికి దండం పెట్టుకుంది.

గేటు దగ్గర దిగేసరికి తొమ్మిదిన్నర. దాని పేరు, పక్క ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ మాకు సాయం చేసిన ఒక మనిషికి నావల్ల చిక్కు రాకూడదు. లారీలు వరసలు కట్టి కదులుతున్నాయి. పక్కనే రేకుల గదిలో పాస్‌లు ఇచ్చే కిటికీ ఉంది. అందులో కూర్చున్న గుమాస్తా మా గోడు విని, బండి నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూశాడు. ట్యాగు నా నంబరుతోనే కనిపించింది, వేరే పేరేదీ లేదు.

"ఈ పొద్దుతో అయిపోతాది పాస్. పదకొండు లోపల వస్తాడు సూడండి. ప్రతి నెలా ఆయనే వచ్చి కడతాడు" అన్నాడు.

మనిషి ఎలా ఉంటాడని అడగబోయి ఆగిపోయాను. ఏడాదికి పైగా ఆగినదాన్ని, ఇంకో గంట ఆగితే నేనే చూస్తాను కదా అనుకున్నాను. అత్త ఆగలేదు.

"సన్నమైనాడా నాయనా? తింటాండాడా సరిగ్గా?"

"లావుగానే ఉండాడమ్మా. బాగ నవ్వుతా మాట్లాడతాడు" అన్నాడు గుమాస్తా.

అత్త ముఖం విచ్చుకుంది. ఆయన పోయినప్పటి నుంచి ఆ ముఖం నేను చూడలేదు. బెంచీ మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది, జుట్టు సర్దుకుంది. "వానిని తిట్టద్దు పద్మా. ముందు ఇంటికి పిలుచుకొని పోదాం" అని నా చెయ్యి పట్టుకుంది. నేను తల ఊపాను. నవ్వుతూ మాట్లాడతాడన్న మాటే నాకు గుచ్చుకుంది. మా ఇంట్లో ఆయన చివరి రెండేళ్లు నవ్వినట్టు నాకు గుర్తు లేదు.

పదిన్నరకు తెల్ల వ్యాను వచ్చి రేకుల గది పక్కన ఆగింది. ముందు బంపరు ఎడమ వైపు సొట్ట. అది మాదే. అత్త లేచి పరుగు తీసింది. "ఒరే భూషణా!" అని ఆమె అరిచిన అరుపుకు లారీల వాళ్లు తలలు బయటికి పెట్టి చూశారు.

తలుపు తెరుచుకుంది. బొద్దుగా, గడ్డంతో, ముప్పై ఏళ్ల మనిషి దిగాడు. అత్తను చూసి, ఎవరినో పిలుస్తోందనుకుని, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. అత్త వ్యాను లోపలికి తొంగి చూసింది. వెనక సీట్లు లేవు. అక్కడ గిన్నెలు, ఒక గ్యాస్ బండ ఉన్నాయి. ఆ మనిషి మమ్మల్ని దాటుకుని కిటికీ దగ్గరికి పోయి, డబ్బు కట్టాడు.

నా చేతిలో ఫోన్ మోగింది. పాస్ తీసుకున్నారు, నెల రోజులు చెల్లుతుంది.

అత్త నా వైపు తిరిగింది. "వచ్చినాదా?" అంది, అలవాటు కొద్దీ. అని, తానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గుమాస్తా బయటికి వచ్చి ఆ మనిషికి మమ్మల్ని చూపించాడు. అతని పేరు మస్తాన్. గేటుకు అవతల రోడ్డు మీద టిఫిన్ బండి పెట్టుకున్నాడు. ఇల్లు ఇవతల ఊళ్లో. రోజూ గేటు దాటాలి కాబట్టి నెల పాస్. సంగతి ఇంకా తెలియక అతను సంబరపడిపోయాడు.

"మీరేనా అక్కా! మీ కోసం ఎంత వెతికినానో. బండి కొన్న్యా గానీ ట్యాగు మీ నంబరు మీదనే ఉండాది. పేరు మార్సుకోకపోతే ఆపేస్తామంటాండారు. మీ ఫోన్‌కు ఓటీపీ వస్తాది. అది సెబితే పాతది మూసేసి కొత్తది తీసుకుంటా."

"ఎవరు అమ్మినారు నీకు?" అని అడిగాను.

"అనంతపురంలో పాత బండ్ల షెడ్డు ఉండాది కదక్కా, ఆడ. ఉగాదికి ముందు కొన్న్యా. అమ్మినాయన్ను నేను సూడలేదు. నా ఆధార్ సూపిస్తే ఈడ పాస్ ఇచ్చినారు."

అప్పుడు గుమాస్తా అతని భుజం మీద చెయ్యేసి, చెవిలో ఏదో చెప్పాడు. మస్తాన్ ముఖం మారిపోయింది. కిందికి చూస్తూ నిలబడ్డాడు.

"నాకు తెలీదమ్మా. దేవుని మీద ఒట్టు" అన్నాడు అత్తతో.

"నీదేం తప్పు నాయనా" అంది అత్త. సంచిలోంచి డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "కజ్జికాయలు. తిను." అతను వద్దనలేకపోయాడు. మమ్మల్ని తన టిఫిన్ బండి దగ్గరికి తీసుకుపోయి, టీ ఇచ్చి, అనంతపురం బస్సు ఎక్కిస్తానన్నాడు. గేటు దాటే ఆ కాస్త దూరం అత్త ముందు సీట్లో కూర్చుంది. అరచేత్తో సీటును రెండు మూడు సార్లు నిమిరింది. గేటు దగ్గర బీప్ మోగింది, అడ్డకర్ర పైకి లేచింది. మస్తాన్ వేగంగా తోలలేదు.

టీ తాగాక బస్సు వచ్చినప్పుడు ఓటీపీ సంగతి ఎత్తడానికి అతనికి నోరు రాలేదు. నేనే అతని నంబరు తీసుకుని, ఫోన్ చేస్తానన్నాను. అత్త నా జబ్బ పట్టుకుని బస్సు వైపు లాగింది. "సెప్పద్దు. అదీ పోతే ఇంగ మనకేం మిగుల్తాది?" అంది మెల్లగా.

రెండు గంటలకు అనంతపురంలో పాత బండ్ల షెడ్డు పట్టుకున్నాం. యజమాని మంచివాడే. నేను ఫోన్‌లో చూపించిన ఫొటోను చాలాసేపు చూశాడు.

"ఈయనే. పోయినేడు ఎండల్లో వచ్చినాడు. పగలు పన్నెండు అయింటాది. బేరం ఆడలేదు, నేను సెప్పిన దుడ్లు తీసుకొని సంతకం పెట్టినాడు. నెలల తరబడి బండి ఈడే నిలబడిపోయింది, కొనేవాళ్లు లేక."

"యాడికి పోతానని ఏమన్నా సెప్పినాడా అన్నా?"

"ఏం సెప్పలేదమ్మా. కుండలో నీళ్లు తాగినాడు, నడుసుకుంటా పోయినాడు. నాలుగు చీరలు బండిలో మరిసిపోయినాడని పిలిస్తే వెనక్కి తిరిగి సూడలేదు."

షెడ్డు ముందు రోడ్డు రెండు వైపులా పోతుంది. ఆయన ఏ వైపు పోయాడో యజమానికి గుర్తు లేదు. మా ఇంటి నుంచి గంటంబావు దూరంలో, ఆయన బయలుదేరిన పూటే, జాడ అక్కడ తెగిపోయింది. ఈ నాలుగు నెలలూ మేము తిండి తిన్నది, నిద్రపోయింది ఒక టిఫిన్ బండి మనిషి గేటు దాటుతున్నందుకు.

తిరుగు బస్సు నాలుగున్నరకు. చోటు లేదు. రాప్తాడు దాకా నిలబడ్డాం. పక్కన ఒక ఆమె అత్త ముఖం చూసి లేచి సీటు ఇచ్చింది. "ఆస్పత్రి నుంచి వస్తాండారా?" అని అడిగింది. అవునన్నాను.

బత్తలపల్లె దగ్గర పడుతుండగా అత్త కళ్లు మూసుకునే అంది. "ఆ పిల్లోనికి ఫోన్ చెయ్ పద్మా. అంకెలు సెప్పెయ్. పనికి పోయేవాడు, వానికి ఎందుకు కష్టం."

చేశాను. ఈ నెల పాస్‌ను కొత్త ట్యాగుకు మార్చి ఇస్తామని గుమాస్తా మాటిచ్చాడట. కాసేపటికి ఓటీపీ వచ్చింది. బస్సు చప్పుడులో ఒక్కో అంకె గట్టిగా చదివాను. మస్తాన్ తిరిగి చదివి, "అంతే అక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. ట్యాగు మూసివేశామని చివరి మెసేజీ వచ్చింది. అత్తకు చూపించాను. చదవడం రాని మనిషి, ఫోన్ దగ్గరగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చింది.

ఈ ప్రయాణంలో బస్సులు వేళకు వచ్చాయి, అడిగినవాళ్లందరూ మర్యాదగా జవాబు చెప్పారు. మేము మాత్రం పొద్దున బతికున్న మనిషి కోసం బయలుదేరి, సాయంత్రం ఉన్నాడో లేడో తెలియని మనిషితో తిరిగి వచ్చాం. స్టేషన్‌కు మళ్లీ పోవాలి. మొదటి నుంచి రాసివ్వాలి. ఇన్ని నెలల తర్వాత ఎవరు వెతుకుతారో నాకు తెలియదు.

ఆరు కావస్తుండగా ధర్మవరంలో దిగాం. అత్త బస్టాండులో నిలబడిపోయింది.

"ఇంగ నెలాఖరుకు దేనికి ఎదురు సూడల్ల పద్మా?"

సంచి చంకన పెట్టుకున్నాను. ఆటో అతను వచ్చి ఎక్కడికని అడిగాడు. అత్తే మా వీధి పేరు చెప్పింది.