కర్పూరం రాసిన పిల్లి

బరంపురంలో మాది పప్పులు, ఉప్పు, పూజాసామాన్ల హోల్‌సేల్ కొట్టు. అందులో ఎలుకల శాఖ మొత్తం ఒక పిల్లి చూసుకునేది. జీతం పాలు, నిద్ర గోనెబస్తాల మీద. కొట్లో పని తెలిసినది అదొక్కటే.

ఆ వానాకాలం దానికి పిడుదులు పట్టాయి. పొద్దున్నే వాటిని వెతకడం నా వంతు. చెవుల వెనక, మెడ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో తడమాలి. గింజలా ఏదైనా తగిలితే వెంట్రుకలు విడదీసి, అమ్మ కనుబొమల పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టుకుని, నలపకుండా, మెలితిప్పకుండా తిన్నగా లాగాలి. ఆపైన స్పిరిటు సీసాలో పడెయ్యాలి. పట్టకారు ఏమైందో అమ్మకి నేటికీ తెలియదు.

నాన్నకి ఈ పద్ధతి నచ్చలేదు.

"రోజుకి నాలుగు పీకితే ఎప్పటికవుద్దిరా? కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసెయ్యి. అవే దిగిపోతాయి."

"పిల్లి నాక్కుంటాది నాన్నా."

"నాక్కుంటే ఏటి? దేవుడికి ఎలిగించేదిరా, ఇసం కాదు."

మా ఇంట్లో జలుబుకీ, కీళ్లనొప్పికీ, చీమలకీ అదే మందు. డబ్బాల కొద్దీ అమ్మే సరుకుకి చెడ్డగుణం ఉందంటే ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

ఒకరోజు ఉప్పు లోడు కోసం హుమ్మ ఉప్పుమళ్లకి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్లి గుడిలా వాసనేస్తోంది. కాళ్లు వణుకుతున్నాయి, నోట్లోంచి చొంగ కారుతోంది.

"కొంచమే రాసాన్రా," అన్నాడు నాన్న. కొలతల విషయంలో ఆయన మాట నేనెప్పుడూ నమ్మలేదు.

పశువుల డాక్టరు దాన్ని సబ్బుతో కడిగి, సూదిమందు వేసి, కర్పూరం పిల్లులకి విషమనీ, ఇక ఆశ పెట్టుకోవద్దనీ ఒడియాలో చెప్పాడు. నాన్నకి ఒడియా నాకంటే బాగా వచ్చు. అయినా నన్నే అడిగాడు.

"ఏటంటున్నాడ్రా?"

"సూద్దాం అంటున్నాడు."

మర్నాడు పొద్దున్న నాన్న కళ్లజోడు పెట్టుకుని, పిల్లిని పడుకోబెట్టిన బస్తాల దగ్గర కూర్చున్నాడు.

"ఆ పట్టకారిలా ఇయ్యి. ఎలాగ పట్టాలో సూపించు."

చూపించాను. నాలుగు తీశాడు, ఒక్కటీ తెగకుండా. పప్పులో రాళ్లేరిన చెయ్యి మరి. ఐదోది పట్టుకునేసరికి పిల్లి ఊపిరి ఆగిపోయింది.

"కదలట్లేదు సూడు. అలవాటైపోనాది," అన్నాడు.

నేను ఔనన్నాను. ఆయన ఇంకో రెండు తీశాడు. తర్వాత పట్టకారు కింద పెట్టి, చెయ్యి మాత్రం పిల్లి మీదే ఉంచాడు.

దాని ఒళ్లు చల్లబడింది. మిగిలిన పిడుదులు ఒక్కొక్కటే వెంట్రుకల్లోంచి బయటికొచ్చి గోనె మీదికి నడిచాయి. నాన్న చెప్పినట్టే, అవే దిగిపోయాయి.