నేను రాసుకోకూడని మాట

2014లో శ్రీకాకుళంలో పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ నన్ను సహాయక వ్యక్తిగా తీసుకుంది. ఈ ఉద్యోగం ఏమిటో చాలామందికి తెలియదు. లైంగిక దాడికి గురైన బిడ్డ కేసు నమోదయ్యాక, అది తేలేదాకా బిడ్డకూ ఇంటివాళ్ళకూ తోడుండమని బాలల సంక్షేమ సమితి ఒక మనిషిని నియమిస్తుంది. ఆసుపత్రికి వెంట వెళ్ళడం, పోలీసులు ఏం అడుగుతారో ముందే చెప్పి పెట్టడం, కోర్టులో పక్కనుండడం, మళ్ళీ బడికి పంపడం, ఇదీ పని. పిల్లలపై లైంగిక నేరాల చట్టం అప్పటికి కొత్త. మేమూ కొత్తే.

అంతకుముందు నేను ఇరవయ్యేళ్ళు ఆసుపత్రి ఆయాను. నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకుని, పదో తరగతి ప్రైవేటుగా రాసి పాసయ్యాను. రాయడమంటే నాకు గర్వం. రాసే వేగం మాత్రం తక్కువ.

ఆగస్టులో నాకు అప్పగించిన కేసు సముద్రపు ఒడ్డున ఒక పేటది. పాపకు తొమ్మిదేళ్ళు. చిట్టి అందాం, అసలు పేరు ఎక్కడా బయటపెట్టకూడదని చట్టం. తండ్రి గుజరాత్‌లో బోటు మీద ఉన్నాడు. తల్లి ఎర్రమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరుగుతుంది. నాయనమ్మ పోలమ్మ ఇంటి దగ్గర చేపలు ఎండబెడుతుంది. నేరం చేసినవాడు మూడిళ్ళ అవతలివాడే, పాప మావా అని పిలిచే మనిషి. తల్లి ఫిర్యాదు మీద అతన్ని అరెస్టు చేశారు. ఇక పాప స్వయంగా మెజిస్ట్రేటు ముందు చెప్పాలి. అది జరగకపోతే కేసు బలం తగ్గి, అతను బెయిలు మీద అదే వీధికి తిరిగి రావచ్చు.

“అప్పా, ఆడు మల్లీ ఈ ఈదిలోకి వొస్తే నాను గంప ఎత్తుకుని ఎలాగెల్తాను? గుంటని ఎవులికాడ వొదిలేది?” అంది ఎర్రమ్మ అక్క వరస కలిపి, నేను వెళ్ళిన మొదటి రోజే. ఆమెను కుదురుగా నిద్రపోనివ్వనిది, పిల్లను ఎవరి దగ్గర వదలాలన్న ఆ భయమే.

ఆ మొదటి రోజే నేను తప్పు చేశాను. సంస్థ ఇచ్చిన పొడుగు పుస్తకం తెరిచి, జరిగింది చెప్పమని పాపను అడిగాను. చెప్పింది. నా చెయ్యి అందుకోలేదు. నెమ్మదిగా చెప్పమన్నాను. నాలుగో తరగతి పిల్ల, బడిలో డిక్టేషన్ అలవాటు. ఒక్కో మాట చెప్పి ఆగేది. నా పెన్ను వైపు చూసేది. పెన్ను ఆగాక తర్వాతి మాట చెప్పేది. పెద్దవాళ్ళు నోట పలకలేని సంగతిని ఆ బిడ్డ చేత మాట మాటకీ ఆపి, మాట మాటకీ నిలబెట్టి చెప్పించాను. మధ్యలో మూడుసార్లు ఏమన్నావని మళ్ళీ అడిగాను కూడా.

పోలమ్మ గుమ్మంలోంచి అరిచింది. “ఏటే నర్సమ్మా! రాత రాకపోతే ఇని ఊరుకోరాదేటి? మా గుంట పేనం తీస్తన్నావు.”

నాకు కోపం వచ్చింది. సంతకం పెట్టడం రాని మనిషి నాకు చెప్పడమేమిటి అనుకున్నాను.

రెండు పేజీలు నిండాయి. ఆ రోజు నుంచి చిట్టి ఆ విషయం మీద నోరు తెరవలేదు. బుధవారం మహిళా ఎస్‌ఐ గారు నియమం ప్రకారం యూనిఫాం లేకుండా, చీరలో వచ్చి చాప మీద కూర్చున్నారు. ఆవిడ పెన్ను తీయగానే పాప గోడ వైపు తిరిగిపోయింది. గంటసేపు బతిమాలినా తిరగలేదు. మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళాల్సిన మంగళవారానికి ఆరు రోజులే ఉన్నాయి.

ఆఫీసుకు వెళ్ళి మా సమన్వయకర్త మేడమ్ ముందు ఆ రెండు పేజీలు పెట్టాను. సాక్ష్యం తెచ్చానని ఇంకా నా మనసులో ఉంది. ఆవిడ చదవలేదు. మీ రిపోర్టులో తిండి, నిద్ర, భయం, బడి, ఇంట్లోవాళ్ళ పరిస్థితి అని గళ్ళు ఉన్నాయి, వాంగ్మూలం అనే గడి ఉందా అని అడిగారు. లేదు. పిల్ల ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు మాట కాస్త మారుతుంది, ఆ తేడా పట్టుకుని అవతలి వకీలు పిల్లదే అబద్ధం అంటాడు, అందుకే ఎక్కువసార్లు చెప్పించకూడదని నియమం పెట్టారు అని వివరించారు. కాగితాలు చించబోయాను. ఆవిడ ఆపారు. దాచడం రెండో తప్పన్నారు. జరిగింది ఒక లేఖగా రాసి, కాగితాలతో పాటు నేనే దర్యాప్తు అధికారికి ఇచ్చి సంతకం తీసుకున్నాను.

గురువారం చేతిలో ఏమీ లేకుండా పేటకు వెళ్ళాను.

“ఇయాల పుస్తకం తేనేదేటి?” అంది పోలమ్మ.

“నేదు.”

“అయితే కత్తిపీట అందుకో. ఊరికినే కూకుంటే సేప తెగదు.”

నాలుగు రోజులు చేపలు కోశాను. చిట్టి ఉప్పు పట్టించేది. నేనేమీ అడగలేదు. నా ముక్కలు అడ్డదిడ్డంగా ఉన్నాయని, వీటిని కాకి కూడా ముట్టదని పోలమ్మ తిడుతుంటే పాప రెండుసార్లు నవ్వింది. ఆదివారం ఉప్పు చేత్తోనే అడిగింది.

“కోర్టులో కూడా రాసుకుంటారా?”

అబద్ధం చెప్పదలచుకోలేదు. “రాస్తారమ్మా. అది రూలు.”

“నాను ఆగను. ఒక్కపాలే సెప్పేస్తాను. రాసుకుంటే రాసుకోమను.”

సోమవారం మేడమ్, నేను కలిసి పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారిని కలిశాం. వీలైతే వాంగ్మూలం వీడియో తీయవచ్చని చట్టంలోనే ఉంది, కానీ ఎవరో ఒకరు అడగాలి. వీడియో ఉంటే రాసేవాళ్ళ కోసం పాప ఆగక్కర్లేదు. ఆయన దరఖాస్తు వేశారు. మెజిస్ట్రేటు గారు ఒప్పుకున్నారు. మంగళవారం ఆవిడ తన గదిలోనే, బల్ల వెనక కాకుండా పాప పక్క కుర్చీలో కూర్చున్నారట. టైపిస్టు బల్లను పాప వెనక వైపు వేయించారట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే నేను లోపల లేను. నమ్మకమున్న ఒకరిని వెంట ఉంచుకోవచ్చు, ఎవరు కావాలని అడిగితే చిట్టి నా వైపు చూడనైనా చూడకుండా నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

ఎర్రమ్మా నేనూ వరండాలో కూర్చున్నాం. అరగంట కాకముందే తలుపు తీశారు.

“ఆగనేదు. మజ్జిలో నీల్లు కూడా అడగనేదు,” అంది పోలమ్మ. పాప ఆకలేస్తోందంది. ఎదురుగా హోటల్లో నాలుగు ఇడ్లీలు తిని, నాయనమ్మ ప్లేటులోంచి ఇంకొకటి తీసుకుంది.

బెయిలు దరఖాస్తు కొట్టేశారు. సెప్టెంబరులో చిట్టి బడికి వెళ్ళింది, ఎర్రమ్మ గంప ఎత్తుకుంది. తర్వాత అతనికి శిక్ష కూడా పడింది.

2019లో ఉద్యోగం మానేసేదాకా కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పింది ఒకటే. జరిగింది వినే అధికారం ఎవరికి ఉందో ముందు తెలుసుకోండి. మనకు లేదు. బిడ్డ తనంతట తానే చెబితే ఆపకుండా వినాలి, దర్యాప్తు అధికారికి తెలియజేయాలి, మనం తవ్వకూడదు. రిపోర్టు తిరిగొచ్చేటప్పుడు బస్సులో రాసుకోవచ్చు. మన చేతి వేగానికి బిడ్డ నడవదు.