గుండ్రటి వీపు గిటార్

నా చిన్నప్పుడు మేము అమెరికాలో నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ నాకు ఒక పాత గిటార్ ఇచ్చి వెళ్ళారు. ముందంతా చెక్క, వెనకంతా నల్లటి ప్లాస్టిక్. బోర్లించిన బేసిన్‌లాంటి ఆ వీపు ఒళ్ళో నిలిచేది కాదు, జారిపోయేది. ఊళ్ళో తెలుగువాళ్ళ ఉగాది ప్రోగ్రామ్‌లో దాన్నే వాయిస్తానంటే, ఏర్పాట్లు చూసే అంకుల్ నవ్వేశారు.

"ఇది టాయ్ అమ్మా! స్టేజ్ మీద బాగోదు. నా గిటార్ ఇస్తాలే."

ఆయనది పూర్తిగా చెక్కతో చేసిన ఖరీదైన గిటార్. మంచిమనసుతోనే అన్నారు గానీ, నాకు ఏడుపొచ్చింది.

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ ఎమ్మెస్ చదువుకునే అక్క గిటార్ బాగా వాయించేది. నాకు నేర్పిందీ ఆమే. నా గిటార్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ముందు పలక మీద వేలితో తట్టింది. గుమ్మని మోగింది. వీపు మీద తడితే మొద్దుగా పలికింది. "పాడేది ఈ చెక్కే. వెనకున్నది ఆ పాటని ముందుకి తోస్తుంది, అంతే," అంది. వీపంతా తడిమి చూడమంది. ఎక్కడా అతుకు తగల్లేదు. లోపలికి టార్చ్ వేస్తే సన్నటి గాజుపోగులు అల్లుకుని కనిపించాయి. వాటిని జిగురులో తడిపి ఒకే అచ్చులో గట్టిపరుస్తారట. ఇక్కడి చలికాలపు పొడిగాలికి చెక్క వీపులు పగులుతాయి గానీ ఇది పగలదట. తుప్పుపట్టిన తీగలు విప్పి ఇద్దరం కొత్తవి బిగించాం.

రిహార్సల్ రోజున అక్క అంకుల్‌ని హాల్లో కూర్చోబెట్టి స్టేజ్ కర్టెన్ వేసేసింది.

"పాప మీ గిటారూ, తన గిటారూ రెండూ వాయిస్తుంది అంకుల్. మీది ఏదో గెస్ చేయండి చూద్దాం!"

కర్టెన్ వెనక రెండు గిటార్లూ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒకే పాటని ఒక్కోదాని మీద ఒక్కోసారి వాయించాను.

"రెండోదే నాది! ఆ సౌండ్ వింటే తెలియట్లా?" అన్నారాయన గర్వంగా.

అక్క కర్టెన్ లాగేసింది. నా ఒళ్ళో నల్లటి గుండ్రటి గిటార్! రిహార్సల్‌కొచ్చిన పిల్లలంతా కేకలు పెట్టారు. అంకుల్ ఒక్క క్షణం తెల్లబోయి, అందరికన్నా గట్టిగా నవ్వారు. "ఓడిపోయానురా తల్లీ! ఫస్ట్ ఐటమ్ నీదే," అంటూ స్టేజెక్కి నా భుజం తట్టారు.

ఉగాదినాడు హాలంతా లేచి నిలబడి కొట్టిన చప్పట్లకి మా అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు నేనే పిల్లలకి గిటార్ నేర్పుతున్నాను. ఎవరైనా పాతదాన్ని పట్టుకొచ్చి సిగ్గుపడుతూ గుమ్మంలో నిలబడితే, అదెలా ఉందో చూడను. "ఏదీ, ఒకసారి వాయించు," అంటాను.